ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్‌లో పివట్ బేరింగులు మార్చడం: విప్పడం నుంచి బిగింపు దాకా

"వెనక నుంచి కిర్రుమంటోంది, బేరింగులు పోయినట్టేనా?" వానాకాలం వెళ్లగానే నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెబితే సగమే చెప్పగలుగుతున్నాను, మిగతా సగం దగ్గరే వాళ్లు చిక్కుకుంటున్నారు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. పివట్ అంటే వెనక చక్రం పైకీ కిందికీ ఆడేలా ఫ్రేమ్ ముక్కలను కలిపే జాయింటు, అందులో ఉండేదే పివట్ బేరింగ్.

ఉదాహరణకు తీసుకున్నది నా దగ్గరున్న రకం: అల్యూమినియం ఫ్రేమ్, హోర్స్ట్ లింక్ సస్పెన్షన్. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) పైన మెయిన్ పివట్, వెనక యాక్సిల్‌కు (చక్రం ఇరుసుకు) కాస్త ముందు చెయిన్‌స్టే (అక్కడి నుంచి వెనక చక్రానికి వెళ్లే కింది గొట్టం) పివట్, పైన రాకర్ లింక్‌కు (షాక్‌ను వెనక భాగానికి కలిపే చిన్న లివర్‌కు) రెండు చివరలా జాయింట్లు. మీ ఫ్రేమ్ వేరే డిజైన్ అయితే విప్పే వరుస మారుతుంది. బేరింగ్ తీసే పద్ధతి, ఎక్కించే పద్ధతి మాత్రం మారవు.

మొదటిసారి చేసేవాళ్లు ఆదివారం మొత్తం దీనికే పెట్టుకోండి. ఆదివారం పొద్దున రైడ్ ఉందని శనివారం రాత్రి మొదలుపెట్టకండి.

1. ముందు తప్పు బేరింగుదేనా తేల్చుకోండి

కిర్రుమన్న ప్రతి చప్పుడూ పివట్‌ది కాదు. ఓసారి రెండు రాత్రులు కూర్చుని వెనక భాగమంతా విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి బిగించాను. మర్నాడు ఎక్కి కూర్చుంటే మళ్లీ అదే కిర్రు. తీరా చూస్తే సీట్ పోస్ట్ క్లాంపు! నిలబడి తొక్కితే చప్పుడు ఆగిపోతోందంటే సీటు వైపు చూడాలి. అంత చిన్న సంగతి అప్పుడు తట్టలేదు.

పరీక్ష ఇలా చేయండి:

☐ ఒక చేత్తో ఫ్రేమ్‌ని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో వెనక చక్రాన్ని పై అంచు దగ్గర పట్టి పక్కలకు ఊపండి.
☐ ఊపుతూనే ఒక్కో జాయింటు సందు మీద వేలి కొన ఆనించండి. కంటికి కనపడని కదలిక గోరుకు తెలుస్తుంది.
☐ జాయింట్లు కదలకుండా చక్రం ఒక్కటే ఆడుతుంటే అది హబ్ బేరింగో, లూజైన యాక్సిలో.
☐ సీటు పట్టుకుని బైకును కొంచెం ఎత్తి దింపండి. టక్కుమంటే మొదట వెనక షాక్ (కుదుపును ఆపే అబ్జార్బర్) చివర్లలోని బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే చిన్న గొట్టాలు) చూడండి. అవి మార్చడం వేరే పని, దీనికంటే చాలా తేలిక.

వీటన్నిటికంటే నమ్మదగిన పరీక్ష ఇంకొకటి ఉంది. షాక్‌ను ఒక చివర బోల్టు తీసి వదిలేసి, చక్రం కూడా తీసి, వెనక భాగాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడించండి. నూనె వేసిన తలుపులా చప్పుడు లేకుండా కదలాలి. ఇసుక నలిగినట్టు గరగరలాడినా, ఒకచోట పట్టి వదిలినట్టు అనిపించినా బేరింగ్ పోయినట్టే.

"గ్రీజు పెడితే సరిపోదా?" అని అడుగుతారు. చక్రం బేరింగ్ గుండ్రంగా తిరుగుతుంది. పివట్ బేరింగ్ తిరగదు, కొన్ని డిగ్రీల మేర అటూ ఇటూ ఊగుతుంది అంతే. గుండ్లు ఎప్పుడూ అవే చోట్ల నొక్కుకుంటాయి, గ్రీజు పక్కకు తప్పుకుంటుంది, రేస్ (గుండ్లు దొర్లే ఉక్కు రింగు) మీద గుంటలు పడతాయి. గుంట పడ్డాక ఎంత గ్రీజు పెట్టినా పట్టి వదలడం పోదు. కొంచెం బిరుసుగా ఉండి, గుంటలు పడకపోతే మాత్రం సీల్ (బేరింగ్ పక్కనుండే మూత) ఎత్తి గ్రీజు మార్చి ఇంకో సీజన్ నడిపించవచ్చు.

2. సరైన నంబరు బేరింగ్ కొనండి

విప్పకముందే కొత్తవి ఇంట్లో ఉండాలి. ఫ్రేమ్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్, సంవత్సరం చూసి సర్వీస్ మాన్యువల్ దించుకోండి. ఏ జాయింటులో ఏ నంబరు, ఎన్ని, ఏ బోల్టుకు ఎంత టార్క్ (బిగింపు బలం) అన్నీ అందులోనే ఉంటాయి. మాన్యువల్ దొరకకపోతే పాత బేరింగ్ సీల్ మీద నంబరు చదవండి. అదీ చెరిగిపోతే వెర్నియర్‌తో కొలవండి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం.

తరచూ కనిపించేవి, మిల్లీమీటర్లలో అదే వరుసలో:

• 6800: 10 × 19 × 5
• 6802: 15 × 24 × 5
• 6803: 17 × 26 × 5
• 6900: 10 × 22 × 6
• 6902: 15 × 28 × 7
• 608: 8 × 22 × 7

ఇవన్నీ పరిశ్రమల్లో వాడే మామూలు సైజులే. సైకిల్ షాపు చుట్టూ తిరగక్కర్లేదు, హైదరాబాద్‌లో అయితే రాణీగంజ్ బేరింగ్ షాపుల్లో అడగండి. అక్కడ "సైకిల్‌కు" అని చెబితే మీకు కావలసింది కాక ఇంకేదో చూపిస్తారు, నంబరు చెప్పండి చాలు. 6902 అడిగితే ఎస్‌కెఎఫ్ డబ్బా మీద 61902 అని ఉంటుంది. గాబరా పడకండి, రెండూ ఒకటే సైజు.

నంబరు వెనక అక్షరాలూ ముఖ్యమే. 2ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీల్. ఎన్‌టిఎన్ వాళ్ల ఎల్‌ఎల్‌యు, ఎన్‌ఎస్‌కె వాళ్ల డిడియు కూడా లోపలి రేస్‌కు ఆనుకునే రబ్బరు సీళ్లే. మనకు కావలసినవి ఇవి. జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత. దుమ్మును కాస్త ఆపుతుంది కానీ బురద నీళ్లను ఆపదు, వద్దు.

సస్పెన్షన్ కోసమే చేసే ఇంకో రకం ఉంది. దాన్ని మ్యాక్స్ అంటారు. లోపల కేజ్ (గుండ్లను విడదీసి ఉంచే చట్రం) ఉండదు, ఆ జాగాలో కూడా గుండ్లు నింపేస్తారు. వేగంగా తిరగడానికి పనికిరాదు కానీ బరువు బాగా మోస్తుంది, పివట్‌కు కావలసింది అదే. దొరికితే మెయిన్ పివట్‌కైనా అవి కొనండి.

రెండు జాగ్రత్తలు. కొన్ని ఫ్రేముల్లో లోపలి రేస్ ఒకవైపు బయటికి పొడుచుకొచ్చిన ప్రత్యేక బేరింగులు ఉంటాయి, అవి మామూలు షాపులో దొరకవు, ఫ్రేమ్ కంపెనీ నుంచే తెప్పించాలి. ఇంకొన్నిటిలో యాంగ్యులర్ కాంటాక్ట్ రకం వాడతారు. వాటికి ముందూ వెనకా ఉంటుంది, తిరగేసి ఎక్కిస్తే నిలవవు.

డబ్బు ఖర్చు పెట్టేముందు వారంటీ కూడా చూసుకోండి. శాంటా క్రూజ్ వాళ్లు మొదటి యజమానికి పివట్ బేరింగులు జీవితాంతం ఉచితంగా ఇస్తారు. ఆ సంగతి తెలియక కొనుక్కున్నవాళ్లు నాకు తెలుసు.

3. పనిముట్లు

☐ మంచి అల్లెన్ బిట్లు (ఆరు మూలల కొన ఉన్నవి; సాకెట్ రకం, గుండు తల ఉన్నవి బిగుసుకున్న బోల్టులకు వద్దు)
☐ టార్క్ రెంచ్
☐ బ్లైండ్ బేరింగ్ పుల్లర్ (ఒకవైపు మూసిన గూటి నుంచి బేరింగ్ లాగేది), మీ బేరింగ్ లోపలి సైజుకు తగిన కోలెట్‌తో (లోపల విప్పారి పట్టే కొనతో)
☐ బేరింగ్ ప్రెస్, లేదా కింద చెప్పిన ఇంటి ప్రెస్
☐ రబ్బరు సుత్తి
☐ నీళ్లకు కరగని మెరైన్ గ్రీజు
☐ మధ్యరకం థ్రెడ్ లాకర్ (బోల్టు మరలు వదులవకుండా పట్టే జిగురు, లాక్‌టైట్ 243 లాంటిది)
☐ ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత బనియన్ గుడ్డలు
☐ సన్నని బ్లేడు లేదా పిన్నీసు, పెయింట్ మార్కర్

ఇంటి ప్రెస్ అంటే పెద్ద సరంజామా ఏం కాదు. ఒక అడుగు ఎం8 థ్రెడెడ్ రాడ్ (8 మి.మీ. మందం, పొడవునా మర ఉన్న కడ్డీ), రెండు నట్లు, నాలుగు మందపాటి వాషర్లు, కొన్ని సాకెట్లు. రాడ్ 8.8 గ్రేడ్ అడిగి తీసుకోండి, మెత్తటి రాడ్ అయితే రెండో బేరింగ్‌కే మర పోతుంది. 608 లాంటి 8 మి.మీ. రంధ్రంలో ఎం8 రాడ్ ఇరుక్కుంటుంది కాబట్టి దానికి ఎం6 వేరే కావాలి.

సాకెట్ ఎంచుకోవడంలోనే అసలు కిటుకు ఉంది. సాకెట్ మీద రాసిన నంబరు లోపల పట్టే నట్టుది, మనకు కావలసింది దాని బయటి కొలత. 28 మి.మీ. బేరింగ్‌ను నెట్టాలంటే సాకెట్ బయటి అంచు 27, 27.5 దగ్గర ఉండాలి. అంటే బేరింగ్ బయటి రేస్ మీద ఆనాలి, సీల్‌ని తాకకూడదు, ఫ్రేమ్ గూడుకు (బేరింగ్ కూర్చునే రంధ్రానికి) రాసుకోకూడదు. అవతలి వైపు ఫ్రేమ్‌కు ఆనే సాకెట్ మాత్రం బేరింగ్ కంటే పెద్దది కావాలి.

4. విప్పే వరుస

విప్పేముందు రెండు వైపులా ఫోటోలు తీయండి. విప్పుతున్నప్పుడు కూడా ప్రతి జాయింటుకూ ఒకటి తీయండి. వాషర్ ఏ వైపు ఉంది, దాని వాలు అంచు లోపలికా బయటికా అన్నది మూడు గంటల తర్వాత గుర్తుండదు.

ఒక అట్టముక్క మీద ఫ్రేమ్ బొమ్మ గీసి, జాయింట్లు ఉన్నచోట కన్నాలు పొడవండి. తీసిన బోల్టు, వాషర్లు అదే వరుసలో ఆ కన్నంలో గుచ్చేయండి. నా దగ్గర ఇప్పటికీ మొదటిసారి గీసిన అట్టే ఉంది, గ్రీజు మరకలతో.

వరుస:

1) బోల్టు తలల్లో ఎండిన మట్టిని పిన్నీసుతో తవ్వి తీయండి. అల్లెన్ పూర్తిగా దిగకుండా తిప్పితే తల గుండ్రంగా అరిగిపోతుంది.
2) బైక్ పూర్తిగా ఉన్నప్పుడే అన్ని పివట్ బోల్టులనూ పావు చుట్టు చొప్పున వదులు చేయండి. విప్పిన ముక్కను ఒళ్లో పెట్టుకుని బోల్టుతో కుస్తీ పట్టడం కష్టం.
3) చక్రం, చెయిన్, వెనక డిరెయిలర్ (గేర్లు మార్చే భాగం) తీయండి. బ్రేక్ కాలిపర్‌ను మౌంట్ నుంచి విప్పి పక్కకు కట్టేయండి, హోస్ (బ్రేక్ గొట్టం) విప్పొద్దు. ప్యాడ్ల మధ్య స్పేసర్ పెట్టడం మర్చిపోకండి.
4) మెయిన్ పివట్ బోల్టు క్రాంక్ వెనక ఉంటే క్రాంక్ కూడా తీయాలి.
5) షాక్ రెండు బోల్టులూ తీసి షాక్‌ను పక్కన పెట్టండి. వెనక భాగం బరువు దాని మీద పడకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని తీస్తే బోల్టు తేలిగ్గా వస్తుంది.
6) రాకర్ లింక్, సీట్‌స్టే (సీటు వైపు నుంచి వెనక చక్రానికి దిగే గొట్టం), చెయిన్‌స్టే పివట్లు, ఆఖరుకు మెయిన్ పివట్.

బోల్టు కదలకపోతే పైపు తగిలించి లాగకండి. పాత థ్రెడ్ లాకర్ పట్టేసి ఉంటుంది. వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ మొనను బోల్టు తలలో రెండు మూడు నిమిషాలు ఉంచండి. వేడి బోల్టుకే వెళుతుంది, పెయింట్ పాడవదు, లాకర్ మెత్తబడుతుంది.

కొన్ని పివట్లలో బోల్టు వెనక చీలిన కోన్ ఉంటుంది. బోల్టు వదులైనా యాక్సిల్ రాకపోతే బోల్టును రెండు మూడు మరల మీద ఉంచి రబ్బరు సుత్తితో చిన్నగా కొట్టండి. కోన్ వదిలేస్తుంది.

5. పాత బేరింగులు తీయడం

మొదట టార్చ్ వేసి గూడు లోపలికి చూడండి. బేరింగ్ వెనక ఫ్రేమ్ అంచు ఏ వైపు ఉంది? సర్క్లిప్ (బేరింగ్ జారకుండా ఆపే స్ప్రింగ్ రింగు) ఉందా? అంచు ఉన్న వైపుకు నెడితే బేరింగ్ రాదు, ఫ్రేమ్ పగులుతుంది. తొందరపడి ఇక్కడ తప్పు చేస్తే మొత్తం పనిలో సరిదిద్దుకోలేనిది ఇదొక్కటే.

రంధ్రం ఆ చివరి నుంచి ఈ చివరికి తెరిచి ఉంటే రాడ్, సాకెట్లతో అవతలి నుంచి నెట్టేయొచ్చు. ఒకవైపు మూసి ఉంటే పుల్లర్ కావాలి. కోలెట్‌ను బేరింగ్ లోపలికి దించి, దాని పెదవి వెనక రేస్‌ను పట్టేదాకా విప్పార్చి, నిదానంగా లాగండి. పాతవి ఎలాగూ పారేసేవే కాబట్టి తీసేటప్పుడు లోపలి రేస్ మీద బలం పడినా ఫరవాలేదు.

అల్యూమినియం ఫ్రేమ్ అయితే హెయిర్ డ్రైయర్‌తో గూడు చుట్టూ రెండు నిమిషాలు వేడి చేయండి, చేత్తో తాకగలిగేంత వేడి చాలు. కార్బన్ ఫ్రేమ్‌ను మాత్రం వేడి చేయకండి. సుత్తితో బాదడం కూడా దానికి పనికిరాదు. గూడు చుట్టూ సమంగా ఆనే పెద్ద సాకెట్ పెట్టి ప్రెస్‌తోనే లాగాలి.

ఒక్కోసారి తుప్పు పట్టిన బేరింగ్ లోపలి రేస్, గుండ్లు మాత్రమే ఊడొస్తాయి. బయటి రేస్ ఉంగరంలా గూట్లోనే ఉండిపోతుంది. అది చూసి అందరికీ టెన్షన్ మొదలవుతుంది. కంగారు పడకండి:

• డబ్ల్యుడి-40 లాంటి నూనె చల్లి రాత్రంతా వదిలేయండి.
• పొద్దున వేడి చేసి, బయటి రేస్ లోపలి గాడిలో పట్టే పెద్ద కోలెట్‌తో లాగి చూడండి.
• అప్పటికీ రాకపోతే చిన్న గ్రైండింగ్ రాయితో రేస్‌ను ఒకచోట పల్చబరచండి. పూర్తిగా తెగేదాకా కోయకండి, ఫ్రేమ్‌కు గాటు పడుతుంది. పల్చబడ్డ చోట చిన్న ఉలితో తడితే ఉక్కు పెళుసుగా చిట్లి, రేస్ పట్టు వదులుతుంది.

కార్బన్ ఫ్రేమ్‌లో రేస్ ఇరుక్కుంటే మూడో పద్ధతి జోలికి పోకుండా అనుభవం ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

6. గూడు శుభ్రం

ఆల్కహాల్ గుడ్డతో నల్లటి మడ్డి పోయేదాకా తుడవండి. అల్యూమినియం తెల్ల పొడిలా తుప్పు పట్టి ఉంటే నైలాన్ స్క్రబ్బర్‌తో మాత్రమే రుద్దండి. ఇసుక కాగితం వాడితే గూడు కొలత పెరిగిపోతుంది.

కొత్త బేరింగ్‌ను గూటి ముందు పెట్టి బొటనవేలితో నొక్కండి. లోపలికి జారకూడదు. జారిపోతుంటే గూడు అరిగినట్టు. అప్పుడు గ్రీజు బదులు లాక్‌టైట్ 641 లాంటి బేరింగ్ రిటెయినర్ పల్చగా రాసి ఎక్కించి, ఒక రోజు ఆరనివ్వాలి. ఊగిసలాడేంత లూజు ఉంటే, పగులు కనిపిస్తే ఫ్రేమ్ కంపెనీకి ఫోటో పంపండి, బిగించకండి.

7. కొత్త బేరింగ్‌లో గ్రీజు

ఫ్యాక్టరీ నుంచి వచ్చే బేరింగ్‌లో గ్రీజు తక్కువే ఉంటుంది. ఎందుకంటే అది మోటార్లలో వేగంగా తిరగడానికి చేసింది, గ్రీజు ఎక్కువైతే వేడెక్కుతుంది. మన పివట్‌కు ఆ బాధ లేదు.

సీల్ లోపలి అంచు కింద బ్లేడు మొన దూర్చి మెల్లగా ఎత్తండి. వంకర పోకుండా ఊడొస్తుంది. గుండ్ల మధ్య మెరైన్ గ్రీజు దాదాపు నిండుగా కూరి, నాలుగుసార్లు తిప్పి, సీల్‌ను వేళ్లతో చుట్టూ నొక్కి మూసేయండి. ఒక బేరింగ్‌కు రెండు నిమిషాల పని. నా లెక్కలో వానాకాలం బురదలో తొక్కేవాళ్లకు బేరింగ్ కంపెనీ పేరు కంటే ఈ రెండు నిమిషాలే ఎక్కువ పనిచేస్తాయి.

8. ఎక్కించడం

ఇక్కడ ఒకే సూత్రం: బలమంతా బయటి రేస్ మీదే పడాలి. లోపలి రేస్‌ను నెడితే ఆ బలం గుండ్ల గుండా పోయి, కొత్త బేరింగ్ రేస్ మీద మొదటి రోజే గుంటలు పడతాయి. నేను మొట్టమొదట ఎక్కించిన 6902 అలాగే పోయింది. చిన్న సాకెట్ పెట్టి బిగించాను, దర్జాగా కూర్చుంది, వేలు పెట్టి తిప్పితే గరగర. డబ్బా తెరిచి పావుగంట కూడా కాలేదు.

1) బేరింగులను పాలిథిన్ కవర్లో కట్టి ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. తీయగానే తేమ తుడవండి.
2) గూడు లోపల పల్చగా గ్రీజు రాయండి (రిటెయినర్ వాడుతుంటే గ్రీజు వద్దు).
3) బేరింగ్‌ను గూటి మీద సమంగా పెట్టి, రాడ్ దూర్చి, రెండు వైపులా సాకెట్లు, వాషర్లు, నట్లు చేత్తో బిగించండి.
4) పావు చుట్టు తిప్పి ఆపండి. బేరింగ్ అంచుకూ గూటి అంచుకూ మధ్య చుట్టూరా ఒకే ఎత్తు ఉందా చూడండి. మొదటి మిల్లీమీటర్ నిటారుగా వెళితే మిగతాది అదే వెళుతుంది.
5) నిదానంగా నెట్టండి. రెంచ్ ఒక్కసారిగా బరువెక్కితే అడుగు అంచుకు ఆనినట్టు, ఆపేయండి. "ఇంకొంచెం" అనుకోకండి.
6) వేలు పెట్టి లోపలి రేస్ తిప్పండి. కాస్త బిగువుగా ఉండటం మామూలే. గరగరలాడకూడదు.

రెండు బేరింగుల మధ్య స్పేసర్ గొట్టం ఉండే ఫ్రేముల్లో రెండో బేరింగ్ ఎక్కించకముందే అది లోపల పెట్టాలి. మర్చిపోతే ఇప్పుడే ఎక్కించిన కొత్త బేరింగ్‌ను మళ్లీ పీకాలి.

బేరింగ్ వంకరగా దిగితే రెండో వైపు కొట్టి సరిచేయబోకండి. వెనక్కి తీసి, గూటి అంచు నలిగిందేమో చూసి, మళ్లీ మొదటి నుంచి పెట్టండి.

9. తిరిగి బిగించడం

మెయిన్ పివట్‌తో మొదలుపెట్టి చెయిన్‌స్టే, సీట్‌స్టే, రాకర్ వరుసలో అన్నిటినీ ముందు చేత్తో మాత్రమే బిగించండి. అన్నీ కూర్చున్నాక అదే వరుసలో టార్క్ రెంచ్ వాడండి.

☐ యాక్సిల్ నునుపు భాగానికి, కోన్‌కు గ్రీజు
☐ మరలకు థ్రెడ్ లాకర్ ఒక చుక్క. ముందు పాత లాకర్ పొడిని బ్రష్‌తో తీసి, ఆల్కహాల్‌తో తుడవాలి
☐ గ్రీజూ లాకర్ ఒకదానికొకటి అంటకూడదు
☐ టార్క్ మాన్యువల్లో చెప్పినంతే. చాలా ఫ్రేముల్లో బోల్టు తల మీదే రాసి ఉంటుంది

పక్కవాడి బైక్ టార్క్ అంకె మీ బైక్‌కు వాడకండి. ఒకే కంపెనీ రెండు మోడళ్లకే అంకెలు వేరుగా ఉంటాయి.

షాక్ బిగించకముందు ఇంకో పరీక్ష. వెనక భాగాన్ని పైకెత్తి వదలండి. తన బరువుకు తానే జారి దిగాలి. గాల్లో ఆగిపోతే ఎక్కడో పక్క నుంచి నొక్కుడు పడుతోంది: వాషర్ తిరగబడిందో, తప్పిపోయిందో, బేరింగ్ పూర్తిగా కూర్చోలేదో. ఒక్కో బోల్టును వదులు చేస్తూ పోండి, ఏది వదిలినప్పుడు జారుతుందో అక్కడే తప్పు. కొత్త సీళ్ల వల్ల కొంచెం బరువుగా దిగడం మాత్రం తప్పు కాదు.

అది బాగుంటేనే షాక్. బోల్టు రెండు వైపులా వేలితో దూరిపోవాలి. సుత్తితో కొట్టి దూర్చాల్సి వస్తే వెనక భాగం వంకరగా బిగిసిందని అర్థం, వెనక్కి వెళ్లి వదులు చేసి మళ్లీ బిగించండి.

10. బిగించాక కూడా ఏదో తేడాగా ఉంటే

చక్రాన్ని ఊపితే ఇంకా ఆడుతోంది: వేలి పరీక్ష మళ్లీ చేయండి. జాయింటు దగ్గర తెలిస్తే టార్క్ చూడండి, ఆపైన వాషర్ల వరుసను ఫోటోతో పోల్చండి. జాయింటులో లేకపోతే షాక్ బుష్ అరిగి ఉంటుంది. పాత లూజులో అది దాగుండి ఇప్పుడు బయటపడుతుంది.

కొత్త చప్పుడు: ఎండు లోహాలు రాసుకునే కిర్రు అయితే యాక్సిల్‌కు గ్రీజు పెట్టలేదేమో. టక్ టక్‌మంటే డిరెయిలర్ హ్యాంగర్ (డిరెయిలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ముక్క), వెనక యాక్సిల్, క్రాంక్ బోల్టు బిగించారా చూడండి. ఈ మూడే ఎక్కువసార్లు దొరుకుతాయి.

బ్రేక్ రోటర్ రాసుకుంటోంది: కాలిపర్ విప్పాం కాబట్టి సర్దుకోవాలి, అంతే.

11. మొదటి రైడ్, ఆ తర్వాత

థ్రెడ్ లాకర్‌కు పూర్తి పట్టు రావడానికి ఒక రోజు కావాలి, కాబట్టి బైకును రోజంతా అలాగే వదిలేయండి. ఆ తర్వాత ప్రతి పివట్ బోల్టు తల నుంచి ఫ్రేమ్ మీదకు పెయింట్ మార్కర్‌తో సన్నని గీత గీయండి. బోల్టు కదిలితే గీత విరుగుతుంది, రెంచ్ తీయకుండానే తెలిసిపోతుంది.

మొదటి రైడ్ గంటసేపు, మామూలు మట్టి దారి మీద చాలు. ఇంటికి రాగానే గీతలు చూడండి. మూడు నాలుగు రైడ్ల తర్వాత ఇంకోసారి టార్క్ సరిచూడండి.

బురద రైడ్ తర్వాత మోటార్ సైకిళ్లతో పాటు వాటర్ సర్వీసింగ్ సెంటర్లో పెట్టేవాళ్లున్నారు. ఆ గన్ నీళ్లు రబ్బరు సీల్‌ను దాటి లోపలికి పోతాయి. బకెట్, మగ్గు, మెత్తటి బ్రష్ చాలు. కడిగాక జాయింట్లు తుడిచి, బైకును గోడకు చేరేసేముందు సస్పెన్షన్‌ను పదిసార్లు నొక్కి వదలండి. సందుల్లో ఆగిన నీళ్లు బయటికొస్తాయి, వాటినీ తుడిచేయండి.